నాలుగు చుట్ల తర్వాతే పానా

ఆయన్ని ఆ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. నాలుగు చుట్లాయన అంటారు. చిన్నవాళ్ళు నాలుగు చుట్ల బాబాయ్ అంటారు. కోపం వచ్చినప్పుడు ఆయన భార్య మాత్రం "ఏమండోయ్ నాలుగు చుట్లుగారూ" అని, ఆ చివరి "గారూ"ని కాస్త సాగదీసి మరీ పిలుస్తుంది. పేరుకు తగ్గ మనిషే. నలభై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. ఈ నలభై ఏళ్ళలో ఏ నట్టునైనా ముందు వేళ్ళతో నాలుగు చుట్లు తిప్పకుండా దాని మీద పానా పెట్టి ఎరగడు.

పక్క సందులో స్కూటర్లు బాగుచేసేవాళ్ళకు ఈ చాదస్తం పెద్ద వేడుక. "బాబాయ్, నువ్వు రెండో చుట్టులో ఉండగానే మేం బండి ఇచ్చేసి, టీ కూడా తాగి వచ్చాం" అంటారు.

"నవ్వండ్రా, నవ్వండి" అనేవాడు ఆయన. "మర తప్పి ఎక్కిన నట్టు ఉంది చూశారూ, అది సరిగ్గా ఎక్కినదానికంటే గట్టిగా ఉంటుంది. గట్టిగా ఉందిగదా అని నమ్మారో, చక్రం ఒక దారి, మీరొక దారి."

ఈ మాట ఆయన సొంతం కాదు. వయసులో ఉండగా పనిచేసిన ఫ్యాక్టరీలో ఫోర్మన్ నేర్పాడు. ఫోర్మన్ పద్ధతి ఇంకోటి కూడా ఉంది. నట్టును మొదట ముందుకు తిప్పకూడదు. వెనక్కి తిప్పాలి. తిప్పుతూ ఉంటే ఒకచోట "టిక్" మని చిన్నగా దిగుతుంది. అంటే నట్టు లోపలి మర గాడి మొదలూ, ఇరుసు మీది మర గాడి మొదలూ ఒకదానికొకటి ఎదురుపడ్డాయన్నమాట. అక్కణ్ణుంచి ముందుకు తిప్పితే వెన్నలా వెళ్తుంది. ఆ టిక్కు బొటనవేలికి తెలియాలి. కంటికి కనపడేది కాదు. ఫ్యాక్టరీ మూతపడి, అందరూ తలో దిక్కూ పోయినా, ఆ టిక్కు మాత్రం ఆయన బొటనవేలితోపాటు బయటికి వచ్చింది. దాంతోనే షాపు పెట్టుకున్నాడు.

షాపంటే పెద్ద షాపేం కాదు. వీధి వైపు రెండు రెక్కల తలుపు, లోపల ఒకే ఒక గది. గది మధ్యలో నేలమీద తెల్లరంగు గీత. గీతకు ఇవతల, తలుపు దగ్గర, అంతా ఆయనదే: గోడ మేకులకు వరసగా పానాలు, పంపు, పంక్చర్లు చూసే నీళ్ళ బేసిను, పైన కొక్కేనికి ఎప్పుడూ ఏదో ఒక సైకిలు. గీతకు అవతల, కిటికీ కింద, ఆవిడ కుట్టు మిషను. ఆసుపత్రికి తెల్లకోట్లు, దిండు గలీబులు కుట్టి ఇస్తుంది. ఒకప్పుడు ఆయన గ్రీజు చెయ్యి కొత్త కోటు జేబు మీద పడింది. ఆవిడ ఆ సాయంత్రమే రంగు డబ్బా తెచ్చి, ఎవరినీ అడక్కుండా ఆ గీత గీసేసింది. గ్రీజు ఇటు రాకూడదు, దారప్పోగు అటు పోకూడదు, అదీ తీర్మానం. ఇరవై ఏడేళ్ళయింది. గీత మూడుసార్లు చెరిగిపోతే మూడుసార్లూ ఆవిడే మళ్ళీ గీసింది.

ఆ మిషను సంగతి కూడా చెప్పాలి. పొద్దున ఎనిమిదికి మొదలైందంటే అది భోజనానికి తప్ప ఎవరి కోసమూ ఆగదు. పక్కింటావిడ వచ్చి కబుర్లు చెప్పినా, సొంత అన్నగారు వచ్చి కూర్చున్నా ఆవిడ కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. జవాబులన్నీ ఆ టకటకలోనే. "కాస్త ఆపి మాట్లాడవే తల్లీ" అని ఆయన మొత్తుకుంటే, "కాళ్ళు పనిలో ఉన్నాయి గానీ చెవులు ఖాళీగానే ఉన్నాయి, చెప్పండి" అనేది.

ఇంతవరకూ బాగానే ఉంది. రెండు నెలల కిందట ఆయన పాదం మీద ఒక పుండు మానకుండా సతాయిస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు షుగరు పరీక్ష చేయించి, వేళ్ళ కొసలు సూదితో పొడిచి చూసి, "కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు... వీటికి స్పర్శ తగ్గుతోంది. మందులు మానకండి, నోరు కట్టుకోండి" అని చీటీ రాసిచ్చాడు. ఇంటికొచ్చి ఆయన భార్యతో చెప్పిందేమిటంటే, "పుండుకు ఆయింట్‌మెంటు ఇచ్చాడు." అంతే. చీటీ పంక్చరు అతుకుల డబ్బాలో దాచాడు. మాత్రలు అక్కడే. నీళ్ళు తాగే వంకతో అటు తిరిగి గుటుక్కున మింగేసేవాడు.

ఎందుకు దాచాడూ అంటే, భయం. ఇంకేం లేదు. బొటనవేలు పోయిన నాలుగు చుట్లాయన ఇంకెవరు? ఆ ప్రశ్న పగలంతా ఆయన్ని పట్టుకుని వేలాడేది. మందులేసుకున్నాడు, పుండు మానింది, కానీ ఆ రోజు నుంచి తన వేళ్ళ మీద తనకే నమ్మకం పోయింది. సరిగ్గా ఎక్కిన నట్టును కూడా తీసి మళ్ళీ ఎక్కించేవాడు. టీ గ్లాసు పట్టుకుని, ఇది కాలుతోందా లేదా అని అనుమానంగా దానివంక చూస్తూ కూర్చునేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే టపా అమ్మాయి వచ్చింది. ఉత్తరాలు పంచే ఉద్యోగంలో చేరి మూడు వారాలే అయింది. ముందు రోజు గోతిలో పడి ముందు చక్రం ఇరుసు వంగిపోయింది. చక్రం ఇటూ అటూ ఊగుతూ ఫోర్కుకు రాసుకుంటోంది.

"బాబాయ్, తొమ్మిదిన్నరకల్లా నేను సంచీ అందుకోవాలి. లేటైతే మా పెద్దాయన నోరు మంచిది కాదు" అంది గుక్క తిప్పుకోకుండా.

"ఇరుసేగా తల్లీ, ఎంతసేపు! కూర్చో" అన్నాడు ఆయన.

చక్రం ఊడదీశాడు. వంగిన ఇరుసు తీసి పక్కన పెట్టాడు. దానికి రెండువైపులా ఉండే కోన్లు బాగానే ఉన్నాయి. కోనంటే ఇరుసు మీద మరతో ఎక్కి, లోపలి గోళీలను పట్టి ఉంచే ముక్క. వాటిని కడిగి, గోళీలకు గ్రీజు పెట్టి, ముందు రోజే స్పేరు పార్టుల షాపు నుంచి తెచ్చిన ప్యాకెట్టు చింపి కొత్త ఇరుసు తీశాడు. కోను పెట్టి వెనక్కి తిప్పాడు. టిక్కు తెలియలేదు. వెనకాల మిషను టకటకలాడుతోంది. సరే, ఎక్కడో దిగే ఉంటుందిలే అని ముందుకు తిప్పాడు. ఒక చుట్టు. రెండు చుట్లు. రెండున్నర దగ్గర బిగుసుకుపోయింది.

తీశాడు, తుడిచాడు, మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ రెండున్నర దగ్గరే ఆగింది. మూడోసారి ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని ఎక్కించాడు. అదే చోట, అదే మొండితనం.

పక్క సందు కుర్రాళ్ళలో ఎవడైనా అయితే ఏం చేసేవాడు? "థూ, దిక్కుమాలిన ఇరుసు" అని విసిరి అవతల పారేసేవాడు. తన చేతుల మీద నమ్మకం ఉన్నవాడు సరుకును తిడతాడు. మన నాలుగు చుట్లాయన మాత్రం ఇరుసు వంక కన్నెత్తి చూడలేదు. తన బొటనవేలి వంక చూసుకున్నాడు. అయిపోయింది, దీని పని అయిపోయింది అనుకున్నాడు.

"అయిందా బాబాయ్?" అంది టపా అమ్మాయి, గోడ గడియారం చూస్తూ.

అప్పుడు చేశాడండీ ఆ బుద్ధి తక్కువ పని. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. చెయ్యి చాచి, మేకుకు వేలాడుతున్న పానా అందుకున్నాడు. రెండున్నర చుట్ల దగ్గర మొరాయించిన కోను మీద పెట్టి, దవడ బిగించి తిప్పాడు. కీచుమంది. అరిచి, మొత్తుకుని, ఎక్కింది. రెండో కోనూ అంతే. చక్రం ఫోర్కులో పెట్టి, రెండు పక్కలా నట్లు కూడా అలాగే బలవంతాన ఎక్కించాడు. చక్రం తిప్పి చూస్తే బాగానే తిరిగింది. నట్లు పట్టి కదిపితే రాయిలా ఉన్నాయి. ఫోర్మన్ చెప్పిన మాట చెవిలో మోగింది. ఆయన విననట్టే ఊరుకున్నాడు.

"నువ్వు దేవుడివి బాబాయ్!" అని ఆ పిల్ల సైకిలెక్కి తుర్రుమంది. ఆ మాట ఆయనకు తిట్టులా తగిలింది.

మధ్యాహ్నం గీతకు అవతల పీటలేసుకుని ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. ఆవిడ వడ్డిస్తూ, ఏమీ ఎరగనట్టు అడిగింది. "పొద్దున ఆ పిల్ల ఇరుసు ఎన్ని చుట్లు తీసుకుందండీ?"

"ఎన్నేమిటి? ఎప్పుడూ తీసుకున్నన్నే."

"అబద్ధం."

"ఏం, నీకెలా తెలుసు? నీ మిషను గోలలో పిడుగు పడ్డా వినపడదుగా!"

"నా మిషను చప్పుడు నాకు ఎప్పుడో వినపడటం మానేసింది. మీ వైపుదే వినపడుతుంది. మీరు నట్టు పట్టుకుంటే కాసేపు ఏ చప్పుడూ ఉండదు. ఆ తర్వాత పానా మోగుతుంది. రోజూ అంతే. ఇవాళ మూడుసార్లు చప్పుడు ఆగింది, మూడుసార్లూ పానా మోగలేదు. నాలుగోసారి పానా కీచుమని ఏడ్చింది. ఏం చేశారు?"

ఆవిడకు చెప్పాల్సిన జవాబు కాదు, ఇంకో సంగతి తట్టింది ఆయనకు. పొద్దున ఈ పక్క వీధులన్నీ పంచేసి, మధ్యాహ్నం ఆ పిల్ల వంతెన అవతలికి వెళ్తుంది. ఎక్కేటప్పుడు అందరూ నడిపించుకునే ఎక్కుతారు. దిగేటప్పుడు మాత్రం సైకిలెక్కి ఒకే జారుడు. అడుగున లారీల రోడ్డు.

"ఓరి నాయనో" అని లేచాడు. చెయ్యి కడుక్కున్నాడో లేదో, తన పాత సైకిలు బయటికి లాగి ఎక్కేశాడు. "ఎక్కడికండీ?" అన్న కేక వీధి మలుపు దాకా ఆయన వెంట వచ్చింది.

అరవై రెండేళ్ళ మనిషి. ఎండ మాడు పగలగొడుతోంది. వంతెన మొదటికి చేరేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. పైకి చూస్తే, అదిగో, ఖాకీ సంచీ. ఆ పిల్ల సైకిలు నడిపించుకుంటూ దాదాపు పైకి చేరిపోయింది.

"అమ్మాయ్!" అని అరిచాడు. ఎవరో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు తిరిగి చూశారు గానీ ఆ పిల్ల చూడలేదు. గంట కొట్టాడు. లారీల మోతలో ఆ గంట ఎవరికి కావాలి? పైన ఆ పిల్ల సంచీ సర్దుకుంది. ఒక కాలు పెడలు మీద పెట్టింది. ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ గొంతు వచ్చింది.

"టపా! ఓ టపా! ఉత్తరం పడిపోయిందీ!"

టక్కున ఆగింది. ఉత్తరాలు పంచేవాళ్ళు ఇంకే కేకకు ఆగకపోయినా దానికి ఆగుతారు. సైకిలు దిగి, బిక్కమొహం వేసుకుని కిందకు చూసింది.

ఆయన రొప్పుతూ రోజుతూ పైకి చేరాడు. "ఏ ఉత్తరం బాబాయ్? ఎక్కడ పడింది?" అంది కంగారుగా.

"ఉత్తరమూ లేదు, ఏమీ లేదు. ఆ సైకిలు ఎక్కకు."

అక్కడే గోడవారన గొంతుక్కూర్చుని ముందు చక్రం కుడివైపు నట్టును పట్టుకున్నాడు. పొద్దున రాయిలా ఉన్న నట్టు, ఇప్పుడు ఉత్త చేత్తో గిర్రున తిరిగి అరచేతిలో ఊడిపడింది. దాంతోపాటు మెరుస్తూ సన్నటి ఇనుప రజను. నట్టు లోపలి మర అంతా గీరుకుపోయింది. రెండోవైపు నట్టు వంకరగా ఇరుక్కుని ఉంది. ఆ పిల్ల ఆ రజను చూసింది. కింద దిగుడు చూసింది. లారీలు చూసింది.

"నా వేళ్ళకు స్పర్శ తెలియడం లేదమ్మా" అన్నాడు ఆయన, నేలవంక చూస్తూ. "రెండు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు. పొద్దున మర ఎక్కడం లేదని నాకు తెలుసు. తెలిసే పానాతో నొక్కేశాను. తప్పు చేశాను."

ఆ పిల్ల అరిచింది. అరవడం న్యాయమే. "ఒక్క మాట చెప్తే నడిచి వెళ్ళేదాన్నిగా బాబాయ్! మా పెద్దాయన తిడితే తిట్టేవాడు! తిట్లు తింటే పళ్ళు రాలవుగా!" అని, అరుస్తూనే కళ్ళు తుడుచుకుంది.

"నా సైకిలు తీసుకెళ్ళు. కాస్త ఎత్తు, చూసుకుని ఎక్కు. సాయంత్రానికి నీది తయారుగా ఉంటుంది. నేను చెయ్యనులే. పక్క సందులో వాళ్ళతో చేయించి పెడతాను."

ఆ పిల్ల సంచీ ఆయన సైకిలుకు తగిలించుకుని, దాన్ని నడిపించుకుంటూనే వంతెన దిగింది. ఆయన ఆ పాడైన చక్రాన్ని నేల తాకకుండా ఎత్తిపట్టుకుని, వెనక చక్రం మీద సైకిలు తోసుకుంటూ, వచ్చిన దారినే ఇంటికి నడిచాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇంకెవరి ప్రాణం మీదకో తేకముందే తలుపులు మూసెయ్యాలి.

షాపులోకి వచ్చేసరికి ఆవిడ మిషను మీదే ఉంది. ఆయన చక్రం ఊడదీసి, బిగుసుకున్న కోన్లను ఎలాగో పీకి, ఇరుసు నేలమీద పెట్టాడు. గీత పక్కనే చతికిలబడ్డాడు.

"రేపటి నుంచి షాపు ఉండదే" అన్నాడు.

మిషను ఇంకో నాలుగు కుట్లు వేసి ఆగిపోయింది. ఆ వేళప్పుడు ఆ గదిలో అంత నిశ్శబ్దం ఆయన ఎప్పుడూ ఎరగడు. ఆ నిశ్శబ్దానికే భయపడి మొత్తం చెప్పేశాడు. డాక్టరు సంగతి, సూది సంగతి, వంతెన సంగతి. పంక్చరు డబ్బా మూత తీసి చీటీ కూడా చూపించాడు.

"రెండు నెలలు!" అంది ఆవిడ. "రెండు నెలలు నాతో చెప్పకుండా పంక్చరు డబ్బాతో చెప్పుకున్నారా? నేను గోడకు కొట్టిన మేకునా? ఆ పిల్లకేమన్నా అయ్యుంటే? మీకేమన్నా అయితే?" ఆవిడ ఏడుపు ఎప్పుడూ తిట్లతో కలిసే వస్తుంది. మెళ్ళో వేలాడే టేపుతోనే ముక్కు తుడుచుకుంది. తర్వాత చెయ్యి చాచింది. "ఏదీ, ఆ ఇరుసు ఇలా తెండి."

"గ్రీజు ఉందే."

"తెండి అంటున్నానా!"

ఆయన గీత దగ్గర తటపటాయించాడు. ఆవిడే లేచి వచ్చి, కొత్త ఇరుసునూ, వంగిన పాత ఇరుసునూ ఉత్త చేతులతో తీసుకుని, కత్తిరించి పెట్టిన తెల్లకోటు గుడ్డ మీద పడుకోబెట్టింది. ఆయన నోరెళ్ళబెట్టాడు. ఇరవై ఏడేళ్ళ తీర్మానం అలా గాలికి పోయింది.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఇరుసు పక్కన టేపు పెట్టి, సూది తీసుకుంది. సూదిమొనతో మర గాడుల మీద ఒక్కొక్కటే తడుముతూ లోలోపల లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కుట్టు సన్నమా లావా చూడాలంటే ఆవిడకు అదే పద్ధతి. అంగుళంలో ఎన్ని కుట్లు పడ్డాయో సూదిమొనతో లెక్కపెడుతుంది. ఒకటి అయ్యాక రెండోది. తర్వాత అనుమానం వచ్చినట్టు మళ్ళీ మొదటిది.

"ఇవి రెండూ ఒకటే కుట్టు కావాలా?" అంది.

"కుట్టు కాదే, మర."

"ఏదైతే అది. మీ పాతదానికి అంగుళానికి ఇరవై ఆరు. ఈ కొత్తదానికి ఇరవై నాలుగే ఉన్నాయి."

"ఏమిటీ?"

"ఇరవై నాలుగండీ. రెండుసార్లు చూశాను. ఈ రెండిటినీ కలిపి కుడితే ఏమవుతుంది? ఒక కుట్టు కలుస్తుంది, రెండోదీ కలుస్తుంది, మూడోదానికి ముడతపడుతుంది."

ఆయన గభాల్న లేచి గీత దాటి వచ్చాడు. రెండు ఇరుసులనూ పక్కపక్కన పెట్టి, మరలో మర దిగేలా నొక్కి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. ఒకే మర అయితే రెండూ అతుక్కుపోవాలి, నడుమ వెలుగు కనపడకూడదు. ఇక్కడ ఒక కొస అతుక్కుంటే రెండో కొస పైకి లేస్తోంది. మధ్యలో సన్నగా ఎండ కనపడుతోంది. ఈ పరీక్ష ఆయనకు తెలియనిదా? ఫ్యాక్టరీలో వందసార్లు చేసిందే. పొద్దున ఒక్క నిమిషం చేసి ఉంటే సరిపోయేది. తన బొటనవేలిని అనుమానించడంలో మునిగిపోయి ఇరుసును అనుమానించడం మరిచిపోయాడు.

"మూడుసార్లు చెప్పాయి మీ వేళ్ళు, ఇది ఎక్కదు అని" అంది ఆవిడ. "మూడుసార్లూ మీరే వినలేదు."

ఆయనకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండు ఇరుసులూ గుడ్డ మీద పెట్టి అన్నాడు. "ఇవాళ్టికి తప్పు ఇరుసుదే. కానీ డాక్టరు అబద్ధం చెప్పలేదుగా. ఆ టిక్కు నాకు తెలియలేదు. అది నిజం."

"అయితే అదీ తేల్చుకుందాం" అంటూ ఆవిడ బల్లకింద నుంచి పాత సామాను డబ్బా లాగి, నేలమీద బోర్లించింది. ఏ కాలం నాటివో, పదకొండు ఇరుసులు, కొన్ని కోన్లు తేలాయి. వంగిన ఇరుసుకు సరిపోయే కోను ఒకటి ఏరి ఆయన చేతికిచ్చి, ఒక తెల్లగుడ్డ పేలికతో ఆయన కళ్ళకు గంతలు కట్టింది. "ఇది వేటివేటికి సరిపోతుందో చెప్పండి. నేను సూదితో చూస్తాను."

ఆయన మొదటి ఇరుసు మీద కోను పెట్టి, బొటనవేలితో, చూపుడువేలితో వెనక్కి తిప్పాడు. ఏమీ తెలియలేదు. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆగిపోయాడు.

"విన్నావా?" అన్నాడు.

"ఏమిటి?"

"టిక్కు. వినపడింది!"

మిషను ఆగి ఉన్న ఆ గదిలో, ఇనుము మీద ఇనుము దిగిన ఆ చిన్న చప్పుడు ఆయన చెవికి అందింది. నలభై ఏళ్ళుగా వేలితో విన్నవాడికి, అది చెవితో కూడా వినొచ్చని ఎప్పుడూ తట్టలేదు. అవసరం పడలేదు మరి. అక్కణ్ణుంచి కోనును నడిమివేలికీ ఉంగరపువేలికీ మార్చుకున్నాడు. అవి డాక్టరు తప్పు పట్టని వేళ్ళు. మొదట్లో తడబడ్డాయి. నాలుగో ఇరుసు దగ్గరికి వచ్చేసరికి దారిలో పడ్డాయి. ఇది అవును, ఇది కాదు, ఇది కాదు, ఇది అవును అని విడదీసి పెట్టాడు. మధ్యలో ఆవిడ అల్లరికి తన మిషను తాలూకు మరమేకు ఒకటి చేతిలో పెట్టింది. "ఇది నాది కాదు, నీ మిషన్ది. గ్రీజు చేతికి ఇచ్చావేమే, కడుక్కో" అన్నాడు గంతల లోంచే. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

పదకొండిట్లో పది సరిగ్గా చెప్పాడు. ఒకటి తప్పింది.

"అది తుప్పుపట్టి ఉంది. దానికి నేనేం చెయ్యను?" అన్నాడు.

"సాకులు చెప్పకండి. ఒకటి తప్పారు. అందుకే నా సూది ఉంది" అంది ఆవిడ.

సాయంత్రం టపా అమ్మాయి వచ్చేసరికి చక్రం ఇంకా బిగించలేదు. పాత డబ్బాలోంచి తీసిన ఇరవై ఆరు గాడుల ఇరుసూ, దాని కోన్లూ, గ్రీజు పెట్టిన గోళీలూ, కొత్త నట్లూ వరసగా పరిచి ఉన్నాయి. ఆయన వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నీ కళ్ళముందే చేస్తాను. వద్దంటే చెప్పు, పక్క సందుకు పంపిస్తా" అన్నాడు.

ఆ పిల్ల ఆయన్నీ, ఆయన వేళ్ళనూ మార్చిమార్చి చూసింది. కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు. ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చెయ్యి బాబాయ్. కానీ చుట్లు నేను లెక్కపెడతాను."

ఆయన కోను పట్టుకుని వెనక్కి తిప్పాడు. చెవి దగ్గరగా పెట్టాడు. టిక్.

"ఒకటి" అంది ఆ పిల్ల. "రెండు." రెండున్నర దగ్గర ముగ్గురి ఊపిరీ ఒకేసారి ఆగింది. కోను ఆగలేదు. "మూడు... నాలుగు!"

ఆయన పక్కకు చెయ్యి చాచాడు. పానా ఆవిడ అందించింది.

చక్రం బిగించాక, ఆ పిల్ల ఎక్కబోతుంటే ఆపాడు. "ముందు నేను." తనే ఆ సైకిలెక్కి వంతెన దాకా వెళ్ళి, పైకి నడిపించుకుని ఎక్కి, పెడలు మీద కాలు పెట్టి, ఆ దిగుడంతా తనే దిగి చూశాడు. చక్రం ఫోర్కులో కదలకుండా, చప్పుడు లేకుండా తిరిగింది. అడుగున దిగి నట్టు పట్టి చూశాడు. ఉన్నచోటే ఉంది. వంతెన గోడకు సైకిలు ఆనించి, ఎవరూ చూడటం లేదు కదా అని, రెండు చేతులూ ముఖానికి పెట్టుకుని తనివితీరా ఏడ్చాడు. తర్వాత గ్రీజు మరకల ముఖంతోనే వెనక్కి వచ్చి సైకిలు ఆ పిల్లకు అప్పగించాడు. ఆ ముఖం చూసి ఆ పిల్లకు మిగిలిన కోపం కూడా నిలవలేదు.

మర్నాడు స్పేరు పార్టుల షాపతనికి సంగతి చెబితే, అతను తల గోక్కుంటూ పెట్టె తెరిచాడు. ఇరవై నాలుగూ ఇరవై ఆరూ కలగాపులగంగా ఉన్నాయి. ఆ వారమే భార్యాభర్తలిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఈసారి చీటీ పంక్చరు డబ్బాలోకి పోలేదు, ఆవిడ సంచీలోకి పోయింది. షుగరు అదుపులో ఉంటే మిగతా వేళ్ళు ఇలాగే నిలబడే అవకాశం ఉందని డాక్టరు అన్నాడు. ఆ బొటనవేలు మళ్ళీ మునుపటిలా అవుతుందని మాత్రం అనలేదు.

షాపు తీసే ఉంది. పానాల వరసలో చివరి మేకుకు ఇప్పుడు ఒక టేపు ముక్క, దానికి గుచ్చిన సూది వేలాడుతున్నాయి. ఏ కొత్త సరుకు వచ్చినా ముందు వాటి చేతిలోంచి పోవలసిందే. పక్క సందువాళ్ళు కూడా అప్పుడప్పుడూ, "పిన్నీ, ఇది కాస్త లెక్కపెట్టి పెట్టవా" అని వస్తున్నారు. నవ్వడం మాత్రం మానలేదనుకోండి. నేలమీద గీత కొంచెం చెరిగింది. ఈసారి ఆవిడ మళ్ళీ గియ్యలేదు.

ఆ షాపు దగ్గర మీరు కాసేపు నిలబడితే ఒక సంగతి గమనించవచ్చు. పొద్దున ఎనిమిదికి మొదలైన కుట్టు మిషను టకటకమని పరుగెడుతూనే ఉంటుంది. పక్కింటావిడ వచ్చినా ఆగదు, అన్నగారు వచ్చినా ఆగదు. ఆయన చేతిలోకి నట్టు తీసుకుంటే మాత్రం ఠక్కున ఆగిపోతుంది. గదంతా నిశ్శబ్దం. ఆయన వెనక్కి తిప్పుతాడు, చెవి ఒగ్గుతాడు, తల ఊపుతాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పానా మోగాక, ఆవిడ కాళ్ళు మళ్ళీ కదులుతాయి.